ఎంపీడీవోగా చేస్తున్న అమ్మాయికి పరిచయాలు ఎక్కడ పెరగాలి?

ప్రశ్న: సార్, మా అమ్మాయి బీటెక్ అయ్యాక గ్రూప్-1 రాసి ఎంపీడీవోగా (మండల పరిషత్ అభివృద్ధి అధికారిగా) చేరింది, మూడేళ్ళు దాటింది, ప్రకాశం జిల్లాలో చేస్తోంది. తనతో చదివినవాళ్ళు కంపెనీలు మారుతున్నారు, లింక్డిన్‌లో వందల పరిచయాలు, ఎప్పుడూ ఏదో ఒక కొత్త కోర్సు. మా పిల్లకి ఆఫీసు, టెలికాన్ఫరెన్సులు, ఇల్లు, అంతే. ఎవర్ని అడిగినా ఎమ్మెల్యే దగ్గర మంచిగా ఉంటే చాలంటున్నారు. పరిచయాలంటే అంతేనా? ఎంబీఏ ఏమైనా చేయించమంటారా? - ఒక తండ్రి

జవాబు: నమస్తే అండి. ముందు ఆ ఎమ్మెల్యే సంగతి చెప్పేస్తా, మీ అసలు బెంగ అక్కడే ఉన్నట్టు అనిపించింది నాకు. ప్రజాప్రతినిధులు ఫోన్ చేస్తే ఎత్తడం, మర్యాదగా మాట్లాడటం, వాళ్ళడిగిన పని రూల్ ప్రకారం అవుతుందో అవదో నాన్చకుండా చెప్పేయడం, ఇవన్నీ ఆ ఉద్యోగంలో భాగమే. మండల పరిషత్ మీటింగ్ ఎంపీపీ గారి అధ్యక్షతన జరుగుతుంది, దానికి అజెండా పెట్టి తీర్మానాలు రాయించేది మీ అమ్మాయి, కాబట్టి దూరంగా ఉంటానంటే కుదరదు. కానీ కెరీర్ మొత్తం ఒక నాయకుడి మీద పెట్టుకుంటే ఆయన ఓడిపోయిన మర్నాడు బదిలీ లిస్టులో పేరు ఉంటుంది, ఇది మనం ఎలక్షన్ అయిన ప్రతిసారీ చూస్తున్నదే. పైగా ఇంకా పాతికేళ్ళకి పైగా సర్వీసు ఉన్న పిల్ల.

గవర్నమెంట్‌లో నిజంగా అక్కరకొచ్చే పరిచయం ఎవరిదో తెలుసా అండీ, ఇవాళ తన టేబుల్ మీద ఇరుక్కుపోయిన ఫైలు లాంటిదాన్ని ఇంతకుముందే ఒకసారి బయటపడేసినవాళ్ళది. ఆర్థిక సంఘం డబ్బులు పంచాయతీ ఖాతాలో ఉన్నాయి, ప్రభుత్వ చెల్లింపుల ఆన్‌లైన్ సిస్టమ్ పీఎఫ్‌ఎంఎస్‌లో పేమెంట్ రిజెక్ట్ అవుతోంది, ఉపాధి హామీ సోషల్ ఆడిట్‌లో డబ్బు వెనక్కి కట్టాలని రికవరీ రాశారు, ట్రెజరీలో బిల్లుకి అబ్జెక్షన్ పెట్టారు, ఇలాంటప్పుడు పక్క జిల్లాలో అదే గొడవ దాటేసిన ఒక ఎంపీడీవో నంబర్ ఫోన్‌లో ఉంటే అరగంటలో తేలిపోతుంది, లేకపోతే రెండు నెలలు లెటర్లు తిరుగుతాయి. ఆ నంబర్లు లింక్డిన్‌లో దొరకవు. వాటిని కూడబెట్టడమే మీ అమ్మాయి ఇప్పుడు చెయ్యాల్సిన పని.

మొదటి వరస తన బ్యాచే. గ్రూప్-1లో తనతోపాటు సెలెక్ట్ అయినవాళ్ళలో డిప్యూటీ కలెక్టర్లు, డీఎస్పీలు, కమర్షియల్ టాక్స్ వాళ్ళు, మున్సిపల్ కమిషనర్లు ఉంటారు, ఇరవై ఏళ్ళు పోయాక వీళ్ళే జిల్లాల్లో, సెక్రటేరియట్‌లో పై కుర్చీల్లో కూర్చుంటారు. ఇప్పుడు పండగ మెసేజీలతో సరిపెట్టేసి అప్పుడు పనిబడి ఫోన్ చేస్తే ఎవరికైనా మొహమాటంగానే ఉంటుంది. ఇప్పటినుంచే పని గురించి మాట్లాడుకోవాలి, ఇంటిస్థలాల దగ్గర తాసిల్దార్‌తో పేచీ వస్తే రెవెన్యూలో ఉన్న బ్యాచ్‌మేట్‌ని రూల్ ఏంటని అడగటం, వాళ్ళకి పంచాయతీల గురించి డౌటొస్తే తను విప్పి చెప్పటం, అలా.

రెండోది ప్రమోషన్ మీద ఎంపీడీవోలైన పెద్దవాళ్ళు. మీ అమ్మాయిలా పరీక్ష రాసి నేరుగా వచ్చిన డైరెక్ట్ రిక్రూట్లకీ వీళ్ళకీ సీనియారిటీ దగ్గర చిన్న చిన్న మనస్పర్థలు ఉంటాయి, తెలిసిన విషయమే. ఆ గొడవలో మీ అమ్మాయి అస్సలు దూరకూడదు. వేసవిలో ఏ ఊరి బోరు ముందు ఎండుతుందో, పాత జీవో ఏ సంవత్సరం ఫైల్లో ఉందో వాళ్ళకే గుర్తుంటుంది. అలాగే తన ఆఫీసులో సూపరింటెండెంట్, పంచాయతీల పని చూసే ఈవోపీఆర్డీ, పంచాయతీరాజ్ ఇంజినీర్ (ఏఈ). "నాకు ఈ నోట్ ఎలా పెట్టాలో చూపించండి" అని పెద్దవాళ్ళని అడిగితే ఆఫీసర్ పరువేం పోదు, ఇంకా దగ్గరవుతారు.

ఇక్కడ ఆడపిల్లల తండ్రిగా మీకొక మాట చెప్పాలి. మన దగ్గర ఆఫీసర్ల మధ్య అసలు కబుర్లు సాయంత్రం ఆరు దాటాకే నడుస్తాయి, టీ దగ్గరో, గెస్ట్ హౌస్ దగ్గరో, క్యాంపుకి వెళ్తూ ఒకే కారులోనో. ఏ పోస్టు ఖాళీ అవుతోంది, ఏ స్కీము రాబోతోంది అన్నీ అక్కడే తెలుస్తాయి. మహిళా ఆఫీసర్లు ఎక్కువమంది ఆ టైముకి ఇంటికి పరిగెత్తాల్సి వస్తుంది, అలా పనితనంలో తక్కువ కాకపోయినా సమాచారంలో వెనకపడిపోతారు. ఇది చాలా అన్యాయం అనిపిస్తుంది నాకు. దీనికి దారి పగటిపూటే వెతుక్కోవాలి. సోమవారం కలెక్టరేట్‌లో గ్రీవెన్స్‌కి జిల్లా ఆఫీసర్లంతా వస్తారు కదా, అది అవ్వగానే వెనక్కి వచ్చేయకుండా ఒక గంట ఉండి జిల్లా పంచాయతీ అధికారినో (డీపీవో), ఉపాధి హామీ చూసే డ్వామా పీడీనో, గ్రామీణ నీటి సరఫరా (ఆర్‌డబ్ల్యూఎస్) ఎస్‌ఈనో వారానికొకర్ని వాళ్ళ ఛాంబర్‌లో కలిసి ఒక్క విషయం మాట్లాడి రావచ్చు. జిల్లాలో మిగతా మహిళా ఆఫీసర్లతో, ఏ శాఖైనా సరే, ఆ రోజు కలిసి భోంచేసే అలవాటు పెట్టుకున్నా చాలు. ఆ ఒక్క రోజు ఆలస్యమైతే ఇంట్లో ఎవరూ మాట అనకుండా చూడాల్సింది మీరు, అల్లుడు గారు ఉంటే ఆయన కూడా.

వాట్సాప్ సంగతి. జిల్లా ఎంపీడీవోల గ్రూపులో ఆర్డర్లు, స్క్రీన్‌షాట్లు తప్ప చర్చ ఉండదు. పది పన్నెండు మందితో, రెండు మూడు జిల్లాలవాళ్ళు ఉండేలా చిన్న గ్రూపు పెట్టుకుని, సమస్య రాస్తే దానికి సంబంధించిన జీవో కాపీ కూడా పెట్టాలి అనుకుంటే ఆర్నెల్లలో అదే మంచి లైబ్రరీ అవుతుంది. రాజకీయ పోస్టులు మాత్రం ఏ గ్రూపులోనూ ఫార్వర్డ్ చెయ్యొద్దు, 1964 నాటి సివిల్ సర్వీసెస్ కాండక్ట్ రూల్స్ ఉన్నాయి, ప్రభుత్వ విధానాన్ని బయట విమర్శించినా ఇబ్బందే. లింక్డిన్ పెట్టుకోవచ్చు, చేసిన పని రాయొచ్చు, లబ్ధిదారుల వివరాలు, ఆఫీసు కాగితాల ఫోటోలు వద్దు.

చదువు విషయానికొస్తే, ఇప్పుడే లక్షలు పోసి ఎంబీఏ వద్దండి. కేంద్రం 2020లో ప్రభుత్వ ఉద్యోగుల శిక్షణ కోసం మిషన్ కర్మయోగి తెచ్చింది, దాని ఐగాట్ పోర్టల్‌లో కోర్సులు ఉచితం, ఫోన్‌లోనే చేసుకోవచ్చు, సర్టిఫికెట్ల లెక్క కోసం కాకుండా ప్రొక్యూర్‌మెంట్ (ప్రభుత్వ కొనుగోళ్ళు), ఆర్టీఐ, నోటింగ్ (ఫైల్లో నోట్ రాయటం) లాంటివి ఏరుకోమనండి. శిక్షణ నామినేషన్లు వచ్చినప్పుడు చాలామంది ఆఫీసర్లు "ఇప్పుడు పనుంది" అని తప్పించుకుంటారు, మీ అమ్మాయి మాత్రం అడిగి మరీ వెళ్ళాలి. సామర్లకోట ఎక్స్‌టెన్షన్ ట్రైనింగ్ సెంటర్ ఉంది, బాపట్లలో హెచ్‌ఆర్‌డీ ఇన్‌స్టిట్యూట్ ఉంది, హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ ఉంది. ఈ చివరిది 1958లో ముస్సోరీలో మొదలై 1965లో హైదరాబాద్‌కి వచ్చింది, దేశం నలుమూలల నుంచి మన ఎంపీడీవోల లాంటి బీడీవోలు, జిల్లా పరిషత్ వాళ్ళు అక్కడికి వస్తారు. క్లాసులో చెప్పేదానికంటే హాస్టల్ మెస్‌లో కేరళ ఆఫీసర్ పక్కన కూర్చుని వాళ్ళ గ్రామసభ ఎలా జరుగుతుందో వినటం ఎక్కువ విలువ. త్రిస్సూర్‌లో కిలా అని కేరళ వాళ్ళ స్థానిక పాలన సంస్థ ఉంది, ఎక్స్‌పోజర్ విజిట్ ఛాన్స్ వస్తే వదలొద్దు. డిగ్రీయే కావాలనుకుంటే ఇగ్నోలో రూరల్ డెవలప్‌మెంట్ ఎంఏ, పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ ఎంఏ రెండూ ఉన్నాయి, ఉద్యోగం చేస్తూనే అయిపోతాయి. విదేశం మీద ఆశ ఉంటే బ్రిటన్ వాళ్ళ చీవ్‌నింగ్ స్కాలర్‌షిప్ చూడమనండి, రెండేళ్ళ పని అనుభవం అడుగుతారు, ఏడాది మాస్టర్స్ ఖర్చంతా వాళ్ళదే, అయ్యాక రెండేళ్ళు స్వదేశంలో ఉండాలి. అప్లై చేసేముందే డిపార్ట్‌మెంట్ పర్మిషన్, సెలవు సంగతి తేల్చుకోవాలి. దాని అప్లికేషన్‌లో పరిచయాలు, సంబంధాలు పెంచుకోవటం గురించి ప్రత్యేకంగా ఒక వ్యాసం రాయమంటారు, పైన చెప్పినవన్నీ చేసిన మనిషికి అక్కడ రాయడానికి సరుకు ఉంటుంది.

మీరు అడగలేదు గానీ ఐఏఎస్ దారి కూడా చెప్తా. రెవెన్యూ కాని శాఖలవాళ్ళని కూడా ఐఏఎస్‌కి సెలెక్షన్ మీద తీసుకుంటారు, డిప్యూటీ కలెక్టర్‌తో సమానమని ప్రభుత్వం గుర్తించిన పోస్టులో కనీసం 8 ఏళ్ళ సర్వీసు ఉండాలి, రాష్ట్రం పేర్లు పంపితే యూపీఎస్సీ ఇంటర్వ్యూ చేస్తుంది. సీట్లు చాలా తక్కువ. కానీ ఆ రోజు చూసేది సర్వీసు రికార్డు, ఇంటర్వ్యూలో అడిగేది చేసిన పని. కాబట్టి ఇప్పటినుంచే ఏడాదికి ఒక పని ఎంచుకుని, మొదలుపెట్టినప్పుడు లెక్క ఎంత, అయ్యాక ఎంత, ఎవరెవరు కలిసొచ్చారు అని రెండు పేజీలు రాసి దాచుకోమనండి. ఏడాది చివర సెల్ఫ్ అప్రైజల్‌లో చాలామంది "అప్పగించిన విధులు నిర్వహించాను" అని ఒక్క లైన్ రాసి సంతకం పెట్టేస్తారు, ప్రాణం ఉసూరుమంటుంది అది చూస్తే, అంత కష్టపడి కాగితం మీద ఏమీ మిగుల్చుకోరు.

ఇంతకీ తనకి ప్రొబేషన్ (ఉద్యోగం ఖాయమయ్యే ముందు ఉండే పరీక్షా కాలం) పూర్తయినట్టు డిక్లేర్ అయిందా, డిపార్ట్‌మెంటల్ టెస్టులన్నీ పాసైందా, అది రాయలేదు మీరు. టెస్టులు మిగిలుంటే కోర్సులన్నీ పక్కన పెట్టి ముందు అవి పూర్తి చెయ్యాలి. ఆ వివరాలు రాస్తే జిల్లా పరిషత్ (జడ్పీ) డిప్యూటీ సీఈవో, సీఈవో వైపు ప్రమోషన్ లైన్ ఎలా ఉంటుందో తర్వాత మాట్లాడుకుందాం.