రాత్రి చదివింది పొద్దున్నే మర్చిపోతున్నాడు.. మెమరీ మాత్రలు వాడొచ్చా?

ప్రశ్న: మాది గుంటూరు. మా అబ్బాయి విజయవాడలో హాస్టల్లో ఉండి ఇంటర్ రెండో సంవత్సరం బైపీసీ చదువుతున్నాడు. రాత్రి ఒంటిగంట దాకా చదివి ఐదింటికే లేస్తున్నాడు. అయినా ఏదీ గుర్తుండటం లేదని ఫోన్లో ఏడుస్తున్నాడు. ఫ్రెండ్స్ ఏవో మెమరీ ట్యాబ్లెట్లు వేసుకుంటున్నారట. మావాడికీ ఇవ్వొచ్చా? - ఓ తల్లి

జవాబు: మాత్రల సంగతి తర్వాత చూద్దామమ్మా. ముందు మీరు రాసిన ఆ రెండు టైములు చూడండి. నాకు అనుమానం అక్కడే.

చదివింది పది కాలాలు నిలవాలంటే మెదడు కణాల్లో కొత్త ప్రోటీన్లు తయారవ్వాలి. అందుకు కొన్ని జన్యువులు ఆన్ అవ్వాలి. పాఠం మీద మనసు పెట్టినప్పుడు ఒక నాడీకణం గ్లుటమేట్ అనే రసాయనాన్ని వదులుతుంది. పక్క కణం మీద దాన్ని అందుకునే ఎన్‌ఎండీఏ రిసెప్టర్‌కు మామూలుగా మెగ్నీషియం అడ్డుపడి ఉంటుంది. కణం గట్టిగా ఉత్తేజితమైతేనే ఆ అడ్డు తొలగి కాల్షియం లోపలికొస్తుంది. అది కాల్‌మాడ్యులిన్ అనే ప్రోటీన్‌తో కలిసి, ఇతర ప్రోటీన్లకు ఫాస్ఫేట్ తగిలించే కైనేజ్ ఎంజైములను లేపుతుంది. ఆ కబురు కేంద్రకానికి చేరాక క్రెబ్ అనే ప్రోటీన్‌కు ఫాస్ఫేట్ తగులుకుంటుంది. ఇక సి-ఫాస్, ఆర్క్, బీడీఎన్‌ఎఫ్ లాంటి జన్యువులు పనిలోకి దిగుతాయి. (మీవాడు బైపీసీ కదా, ఈ పేరా అతనికి వాట్సాప్ చేయండి. సముద్రపు నత్తల్లో జ్ఞాపకం ఎలా నిలుస్తుందో చూపించిన ఎరిక్ క్యాండెల్‌కు 2000లో నోబెల్ వచ్చిందని కూడా చెప్పండి.)

సి-ఫాస్ ఆన్ అవ్వడం నిమిషాల పని. ప్రోటీన్లు తయారై కణాల మధ్య బంధం గట్టిపడటానికి మాత్రం గంటలు కావాలి. నిద్ర ఈ పనికి బాగా సాయపడుతుంది. తోడు పెట్టిన పాలను మాటిమాటికీ కదిపితే పెరుగు ఏం తోడుకుంటుంది? నాలుగు గంటల నిద్రతో మీవాడి చదువూ అంతే.

పదకొండింటికల్లా పడుకోనివ్వండి. ఈ వయసులో ఎనిమిది గంటల నిద్ర అవసరం. వార్డెన్ ఒప్పుకోకపోతే మీరే వెళ్లి మాట్లాడండి, మొహమాటపడొద్దు. ఒకే చాప్టర్‌ను ఒక రాత్రిలో నాలుగుసార్లు తిరగేసే బదులు నాలుగు రోజులకు పంచుకుని, పుస్తకం మూసి గుర్తుచేసుకోమనండి.

షాపుల్లో అమ్మే మెమరీ మాత్రలు ఆరోగ్యంగా ఉన్న పిల్లలకు పనికొస్తాయనడానికి గట్టి ఆధారాల్లేవు. ఫ్రెండ్స్ ఇచ్చేవి అసలే వద్దు; వాటిలో ఏముందో ఎవరికి తెలుసు! అన్నట్టు, నేను కాల్షియం అన్నానని కాల్షియం బిళ్లలు కొనేరు. వాటితో జ్ఞాపకశక్తి పెరగదు.

ఒకసారి హిమోగ్లోబిన్, థైరాయిడ్, బి12 పరీక్షలు చేయించండి. మధ్యమధ్యలో కొన్ని సెకన్లు పిలిచినా పలక్కుండా చూస్తూ ఉండిపోతుంటే న్యూరాలజిస్టుకు చూపించాలి. ఏడుపును మాత్రం చదువు టెన్షనే కదా అని వదిలేయకండి. తిండి మానేసినా, బతకాలని లేదన్నా అదే రోజు ఇంటికి తెచ్చుకుని సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకెళ్లండి. గుంటూరు ప్రభుత్వాసుపత్రి (జీజీహెచ్)లో ఆ విభాగం ఉంది. అర్ధరాత్రయినా సరే మానసిక సమస్యలకు సాయం చేసే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలి-మానస్ 14416కు ఫోన్ చేయొచ్చు, ఖర్చు లేదు.