ఆఫీసుకీ, నంది కొండకీ, మట్టిదారికీ ఒకే సైకిల్ సరిపోతుందా?

మీరడిగింది ఇదీ: ఉండేది బెంగళూరులో వైట్‌ఫీల్డ్ వైపు. వారంలో మూడు రోజులు ఆఫీసుకి, ఆదివారాలు నంది హిల్స్‌కి, అప్పుడప్పుడూ తురహళ్లి అడవి దారికి, వీలైతే ఒక 200 కిలోమీటర్ల బ్రెవెకి (నిర్ణీత సమయంలో పూర్తి చేయాల్సిన దూర ప్రయాణం, పందెం కాదు) వెళ్లాలి. బడ్జెట్ 60 వేలు. వీటన్నిటికీ ఒకటే సైకిల్ కొంటే చాలా?

మూడింటికి చాలు. తురహళ్లి రాళ్ల మీదికి మాత్రం పనికిరాదు. ఇదే ఊళ్లో చాలా ఏళ్లుగా సస్పెన్షన్ లేని, డిస్క్ బ్రేకులున్న హైబ్రిడ్ (రోడ్డు సైకిల్‌కీ కొండదారి సైకిల్‌కీ మధ్యరకం, అడ్డ హ్యాండిల్ ఉండేది) ఒక్కదానితోనే నెట్టుకొస్తున్నాను, అందుకే ఇంత ధైర్యంగా చెబుతున్నా.

షాపుకి వెళ్తే రోడ్డు సైకిలా, గ్రావెలా (మట్టిదారికీ పనికొచ్చే వెడల్పు టైర్ల రోడ్డు సైకిల్), హైబ్రిడా అన్న చర్చలోకి లాగుతారు. అది పక్కన పెట్టి రెండు విషయాలు అడగండి: ఈ ఫ్రేములో ఎంత వెడల్పు టైరు పడుతుంది? అన్నిటికంటే తేలిక గేరు ఎంత?

టైరు సంగతి తేలిగ్గా తేలిపోతుంది. చక్రం అంచుని పట్టి ఆపే పాత రకం రిమ్ బ్రేకుల రోడ్డు సైకిళ్లలో చాలావాటికి 28 మిల్లీమీటర్లు దాటితే టైరు ఒరుసుకుంటుంది. సన్న టైరులో గాలి బిర్రుగా కొట్టాలి, అప్పుడు మన రింగ్ రోడ్డు సర్వీస్ రోడ్డులోని ప్రతి గతుకూ నడుముకే తగులుతుంది. 35 నుంచి 38 ఉంటే గాలి దాదాపు సగానికి తగ్గించుకోవచ్చు. ఇంకో మాట, 700సి అన్నా 29 అంగుళాలన్నా రిమ్ము కొలత ఒకటే, 622 మిల్లీమీటర్లు. ఫ్రేములో చోటుంటే టైర్ల ఎంపికకి కొరత ఉండదు.

గేరు దగ్గరే చాలామంది సరిగ్గా చూసుకోరు. నంది కొండ 1478 మీటర్ల ఎత్తు. ఎక్కుడు మొత్తం ఒకేలా ఉండదు, పైకి వెళ్లేకొద్దీ కొన్ని మలుపుల్లో కొత్తవాళ్ల వేగం గంటకి ఆరు కిలోమీటర్లకి పడిపోతుంది. మామూలు రోడ్డు సైకిల్లో చైను తిరిగే పళ్లచక్రాల్లో ముందుదానికి 34 పళ్లు, వెనకదానికి 28 పళ్లు ఉన్నాయనుకోండి. పెడల్ ఒక్క చుట్టు తిరిగితే సైకిల్ రెండున్నర మీటర్లు కదులుతుంది. ఆరు కిలోమీటర్ల వేగానికి నిమిషానికి 39 చుట్లు. అంటే ఒక్కో తొక్కుకీ లేచి నిలబడి బరువంతా వెయ్యాలి, మోకాళ్లు రెండ్రోజులు నొప్పెడతాయి. హైబ్రిడ్లో ముందు 28, వెనక 34 దొరుకుతుంది. దాంతో అదే వేగానికి 58 చుట్లు పడతాయి, కూర్చునే ఎక్కొచ్చు. రోడ్డు సైకిల్ మిత్రులు నన్ను దాటిపోతూ ఓ నవ్వు నవ్వుతారు. పోనివ్వండి, పైన టీ కొట్టు దగ్గర అందరం కలుస్తాం.

అయితే కిందకి దిగాక చదును రోడ్డు మీద వాళ్లు గంటకి 30 పైన గుంపుగా వెళ్తుంటే హైబ్రిడ్‌తో పట్టుకోవడం కష్టమే. మీ ఆదివారం సరదా అంతా ఆ గుంపులోనే ఉంటే నా సలహా మీకు పనికిరాదు, కిందికి వంగిన డ్రాప్ హ్యాండిల్ ఉన్న రోడ్డు సైకిలే కొనుక్కోండి.

బ్రెవె గురించి భయపడకండి. 200 కిలోమీటర్లకి 13 గంటల 30 నిమిషాలిస్తారు. ఇడ్లీలు, టీలు, పంక్చర్లు అన్నీ కలుపుకుని సగటున గంటకి 15 కిలోమీటర్లు ఉంటే సరిపోతుంది. మనిషి తొక్కే బండైతే చాలు, ఫలానా రకమే కావాలన్న నియమం లేదు. ఇబ్బంది వేగంతో రాదు, చేతులతో వస్తుంది. అడ్డంగా ఉండే హ్యాండిల్ మీద అరచేతులు ఒకే చోట ఉంటాయి కాబట్టి నాకు సగం దూరానికే వేళ్లు తిమ్మిరెక్కేవి. హ్యాండిల్ చివర్లకి కొమ్ముల్లాంటి బార్ ఎండ్స్ బిగించాక చాలావరకు తగ్గింది. హోస్కోటె దాటాక కోలారు రోడ్డు మీద ఎదురుగాలి కొడితే మాత్రం నిటారుగా కూర్చున్న పాపానికి తెరచాపలా తట్టుకోవాల్సిందే.

అసలు చిక్కు ఇంకోటుంది, దాన్ని ఎవరూ ముందుగా చెప్పరు. ఒకే సైకిల్ అన్ని పనులూ చేస్తుంది, కానీ ఒకే సమయంలో అన్నిటికీ సిద్ధంగా ఉండదు. శుక్రవారం దాకా మడ్‌గార్డులు, క్యారియర్, లాప్‌టాప్ బ్యాగు. శనివారం రాత్రి అవన్నీ విప్పి టైర్లు మార్చి, మళ్లీ ఆదివారం రాత్రి బిగించాలి. మొదటి నెల ఉత్సాహంగా చేస్తారు. తర్వాత పొద్దున నాలుగింటికి అలారం మోగితే ‘టైర్లు మార్చలేదుగా’ అని మళ్లీ ముసుగు తన్నేస్తారు. నేనైతే ఏమీ విప్పను. నున్నటి 35 టైర్లు, మడ్‌గార్డులు ఏడాది పొడవునా అలాగే ఉంటాయి. ఈ ఊరి వానకి అవి ఎలాగూ కావాలి.

డబ్బుంటే అదనంగా ఒక జత చక్రాలు వేరే టైర్లతో, డిస్కులతో ఉంచుకోవచ్చు. మార్చినప్పుడు డిస్కు ఒరుసుకుంటే డిస్కుని పట్టే బ్రేకు భాగం (కాలిపర్) బోల్టులు రెండూ వదులు చేసి, బ్రేకు నొక్కి పట్టుకుని మళ్లీ బిగిస్తే సాధారణంగా సర్దుకుంటుంది.

తురహళ్లిలో వెడల్పాటి మట్టిబాట వరకైతే ఈ టైర్లు సరిపోతాయి. బండరాళ్ల మీది నుంచి దూకించాలంటే రెండంగుళాల టైర్లు, మంచి సస్పెన్షన్ ఉండాలి. ఏడాదికి రెండుమూడుసార్ల కోసం అది కొనకండి, తెలిసినవాళ్లని అడిగి తీసుకెళ్లండి. అటవీ శాఖ సైకిళ్లని లోపలికి రానిస్తోందో లేదో కూడా ముందే కనుక్కోండి.

60 వేలూ సైకిల్‌కే పెట్టకండి. హెల్మెట్, లైట్లు, పంపు, ట్యూబులు, గట్టి తాళం కోసం పది పన్నెండు వేలు పక్కన ఉంచండి. ముందుముందు రెండోది కొనాలనిపిస్తే ఖరీదైన రోడ్డు సైకిల్ వైపు వెంటనే చూడొద్దు. సెకండ్‌హ్యాండ్‌లో స్టాండు, క్యారియర్ ఉన్న మామూలు సైకిల్ ఒకటి ఆఫీసుకి కొనండి. పార్కింగులో ఎవరైనా గీతలు పెట్టినా టెన్షన్ ఉండదు, మంచి సైకిల్ ఇంట్లో ఆదివారానికి సిద్ధంగా ఉంటుంది.