టాక్సికాలజీ ల్యాబ్‌లో డేటా పనికి చేరుతున్న అమ్మాయికి

అమ్మాయీ,

ప్రభుత్వ ఫోరెన్సిక్ ల్యాబ్‌లో, అదీ రక్తంలో, ఇతర ద్రవాల్లో విషాలనూ మందులనూ వెతికే టాక్సికాలజీ విభాగంలో, డేటా అనలిస్టుగా చేరుతున్నావని తెలిసి చాలా సంతోషించాను. గణాంకాలూ పైథానూ నీకు బాగానే వచ్చు కాబట్టి వాటి జోలికి పోను. ఆ ల్యాబ్‌లో ఒక అంకె ఎలా పుడుతుందో, మన చేతుల్లోకి వచ్చాక ఎక్కడ పాడవుతుందో మాత్రం చెబుతాను.

చేరగానే కంప్యూటర్ ముందు కూర్చోకు. శాంపిల్ లోపలికి వచ్చినప్పటి నుంచి రిపోర్టు మీద సంతకం పడేదాకా ఒక కేసు వెంట నడువు. సీలు సరిచూడటం, నంబరు వేయడం, ఫ్రిజ్‌లో పెట్టడం, మొదటి వడపోత పరీక్ష, ఆపైన ఖరారు పరీక్ష, సమీక్ష. ప్రతి మెట్టు దగ్గరా డేటాబేస్‌లో ఒక తేదీ పడుతుంది. అది ఎవరు ఏం నొక్కితే పడుతుందో రాసిపెట్టుకో. పరీక్ష జరిగిన రోజు వేరు, ఫలితం ఎక్కించిన రోజు వేరు. కాలమ్ పేరు చూసి ఆ తేడా కనిపెట్టలేవు.

ఒక వరుస అంటే ఏమిటన్నది ఏ టేబుల్ తెరిచినా ముందు తేల్చుకో. మరణం కేసు ఒకటే అయినా అందులో తొడ రక్తం, గుండె రక్తం, మూత్రం, కంటి ద్రవం ఉండొచ్చు. ఒక్కోదానికి రెండు మూడు పరీక్షలు, ఒక్కో పరీక్షలో పదుల కొద్దీ పదార్థాలు. రెండు టేబుళ్లను కలిపే జాయిన్ ఒక్కటి తప్పితే ఒక మరణం ఆరు మరణాలవుతుంది. జాయిన్‌కు ముందూ తర్వాతా వేర్వేరు కేసు నంబర్లు ఎన్నున్నాయో లెక్కపెట్టి పోల్చుకో. మందుల లెక్కలోనూ ఇదే చిక్కు. డయాజెపామ్ అనే మందు ఒక్కటే మింగిన మనిషి రక్తంలో, అది ఒంట్లో మారగా వచ్చే నార్డయాజెపామ్, టెమాజెపామ్, ఆక్సాజెపామ్ కూడా కనబడవచ్చు; అతను నాలుగు మందులు వాడినట్టు కాదు. హెరాయిన్ నిమిషాల్లోనే 6-మోనోఎసిటైల్‌మార్ఫిన్‌గా, తర్వాత మార్ఫిన్‌గా మారిపోతుంది. మార్ఫిన్‌ను మందుగా ఇచ్చినా మార్ఫినే కనబడుతుంది. ఏది దేని కిందికి చేరాలో చెప్పే పట్టికను నువ్వు సొంతంగా తయారుచేయకు. టాక్సికాలజిస్టు చేత రాయించి, తేదీతో సంతకం తీసుకో.

ఇక అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసే మాట ‘కనబడలేదు’. దీని చుట్టూ మూడు వేర్వేరు సంగతులున్నాయి. ఒకటి, అసలు ఆ మందు కోసం పరీక్షించలేదు; రెండు, పరీక్షించారు కానీ కనబడలేదు; మూడు, కనబడింది కానీ నమ్మకంగా కొలవగలిగే కనిష్ఠ హద్దుకు కిందే ఉంది. ఎక్స్‌పోర్ట్ ఫైలులో ఈ మూడూ ఒకే ఖాళీ గడిగానో, సున్నాగానో రావచ్చు. ఒక కాలమ్‌లో వరసగా 12.4, ‘< 5’ (5 కన్నా తక్కువ), ‘ఎన్‌డీ’ (కనబడలేదు), ఒక ఖాళీ ఉన్నాయనుకో. దాన్ని తొందరపడి అంకెలుగా మార్చావంటే 12.4 ఒక్కటే మిగులుతుంది, తక్కినవన్నీ ఖాళీలవుతాయి. అప్పుడు వచ్చే సగటు ఎక్కువ మోతాదు ఉన్నవాళ్లదే. అందుకే ఒక కాలమ్‌ను మూడు చెయ్యి: వచ్చింది వచ్చినట్టు ఉంచిన అసలు పాఠం, విడదీసిన అంకె, స్థితి. అసలు పాఠాన్ని ఎన్నడూ ముట్టుకోకు. హద్దు కింద ఉన్నవాటికి సున్నా వేయకు. సగానికి పైగా ఫలితాలు హద్దు కిందే ఉంటే మధ్యస్థం ‘హద్దుకన్నా తక్కువ’ అని రాయి, అంతే. ఆ హద్దు కూడా స్థిరం కాదు; పరికరం మారితే, పద్ధతి మారితే అదీ మారుతుంది. కాబట్టి ప్రతి ఫలితం పక్కనా ఆ రోజు అమల్లో ఉన్న హద్దు ఉండాలి.

ఒక మందు నిరుడు సున్నా, ఈ ఏడు 30 కేసులని గ్రాఫ్ వేసేముందు, నిరుడు దానికోసం వెతికారా అని అడుగు. కొత్త పదార్థాన్ని పరీక్షల జాబితాలో చేర్చిన నెల నుంచే అది ‘పెరిగినట్టు’ కనబడుతుంది. విభజించాల్సింది మొత్తం కేసులతో కాదు, ఆ మందు కోసం పరీక్షించిన కేసులతో. పద్ధతి మారిన తేదీ దగ్గర గ్రాఫ్ మీద నిలువు గీత గియ్యి.

ఎక్సెల్‌లో ఫైలు నేరుగా తెరవకు. కేసు నంబరు ముందున్న సున్నాలు ఎగిరిపోవడం అందరికీ తెలిసిందే. గంజాయిలో మత్తు కలిగించే టీహెచ్‌సీకి రసాయన రిజిస్ట్రీ నంబరు 1972-08-3. ఎక్సెల్ దాన్ని 1972 ఆగస్టు 3వ తేదీ అనుకుంటుంది. ప్రతి కాలమ్‌నూ టెక్స్ట్‌గా దించుకుని, ఆ తర్వాత నువ్వే మార్చుకో.

కొలమానాన్ని వేరే కాలమ్‌లో ఉంచు. ఆల్కహాల్‌లో 100 మిల్లీలీటర్లకు 80 మిల్లీగ్రాములన్నా, 0.08 గ్రాములన్నా, లీటరుకు 0.8 గ్రాములన్నా ఒకటే. మందుల దగ్గర మిల్లీలీటరుకు నానోగ్రాములకూ లీటరుకు మిల్లీగ్రాములకూ వెయ్యి రెట్ల తేడా. ఆసుపత్రి నుంచి వచ్చిన సీరం (రక్తకణాలు తీసేశాక మిగిలే ద్రవం) ఫలితాన్ని మొత్తం రక్తం ఫలితంతో కలపకు. సీరంలో నీటి శాతం ఎక్కువ కాబట్టి ఆల్కహాల్ కూడా సాధారణంగా 10 నుంచి 20 శాతం ఎక్కువ తేలుతుంది. గుండె రక్తాన్నీ తొడ రక్తాన్నీ కూడా ఒకే సగటులో వేయకు. అమిట్రిప్టిలిన్, డిగాక్సిన్ వంటి మందులు మరణం తర్వాత కణజాలం నుంచి గుండె రక్తంలోకి దిగుతాయి, అక్కడ అంకె పెరుగుతుంది.

నాణ్యతా డేటాలో నీ చేయి బాగా ఉపయోగపడుతుంది. తెలిసిన మోతాదులున్న శాంపిళ్లతో (వీటినే కాలిబ్రేటర్లంటారు) గీసే కాలిబ్రేషన్ గీతకు ఆర్-స్క్వేర్, అంటే బిందువులు గీతకు ఎంత దగ్గరగా ఉన్నాయో చెప్పే అంకె, 0.99 దాటిందని తృప్తిపడకు. 1 నుంచి 500 దాకా సాగే గీతలో 5 యూనిట్ల తప్పు పై చివర ఒక శాతం, కింది చివర ఐదు రెట్లు. ఏ బిందువుకు ఎంత ప్రాధాన్యమో చెప్పే బరువులు లేని గీతను పై బిందువులే లాక్కుపోతాయి; అందుకే 1/ఎక్స్, 1/ఎక్స్-స్క్వేర్ బరువులు వాడతారు. ప్రతి కాలిబ్రేటర్‌నూ గీత నుంచి వెనక్కి లెక్కగట్టి, అసలు విలువకు ఎంత దూరంలో ఉందో శాతంలో చూడు. ప్రతి శాంపిల్‌లోనూ ఒకే మోతాదులో కలిపే ఇంటర్నల్ స్టాండర్డ్ పీక్ (పరికరం గీసే సంకేత శిఖరం) వైశాల్యాన్ని ఇంజెక్షన్ వరుసలో, అంటే శాంపిళ్లు పరికరంలోకి వెళ్లిన క్రమంలో, గీసి చూడటం నాకు అన్నిటికన్నా ఇష్టమైన గ్రాఫ్. మెల్లగా దిగుతూ పోతే పరికరం మురికి పడుతున్నట్టు అనుమానించాలి. ఒక్క శాంపిల్ దగ్గర సగానికి పడితే ఆ రక్తంలోని వేరే పదార్థమేదో సంకేతాన్ని అణచి ఉండాలి, లేదా ద్రవాన్ని కొలిచి పోసే పిపెట్ తప్పి ఉండాలి. విలువ ముందే తెలిసిన శాంపిల్ ఫలితాలను గుర్తించే కంట్రోల్ చార్టులో రెండు ఎస్‌డీలు (ప్రామాణిక విచలనాలు) దాటినవి సుమారు 20లో ఒకటి యాదృచ్ఛికంగానే వస్తాయి. దానికి గోల చేయకు. మూడు దాటితే ఆగాలి. ఆ కంట్రోల్ శాంపిల్ లాట్ (తయారీ విడత) మారిన చోట చార్టును విడగొట్టు.

పై అధికారులు తరచుగా అడిగేది రిపోర్టుకు పట్టే సగటు సమయం. ఇది మోసపుచ్చే అంకె. పాత కేసుల గుట్టను కరిగించడం మొదలెట్టిన నెలలోనే సగటు ఘోరంగా కనబడుతుంది, ఎందుకంటే 14 నెలల నాటి కేసు ముగిసి లెక్కలోకి వచ్చేది అప్పుడే. తేలికైన కొత్త కేసులే తీస్తూ పోతే సగటు ముచ్చటగా ఉంటుంది, పాతవి అల్మారాలోనే ఉండిపోతాయి. తమవాళ్లు ఎలా పోయారో తెలియక ఇంట్లోవాళ్లు ఎదురుచూసేది ఆ అల్మారాలోని కేసుల కోసమే. మధ్యస్థం, 90వ పర్సెంటైల్ (నూటికి 90 కేసులు ఎంతలోపు తేలాయో), ఇంకా తేలని కేసుల వయసు — ఈ మూడూ ఒకే పేజీలో ఇవ్వు. వయసును 30 రోజుల లోపు, 30–60, 60–90, 90 పైన అని విడగొట్టు. సగటు ఒక్కటే చాలన్నా మిగతావి తీసేయకు.

విడుదల చేసే పట్టికల్లో ఒకరిద్దరు మాత్రమే ఉన్న చిన్న గడులను కప్పిపెట్టు. ఊరు, వయసు, అరుదైన మందు కలిస్తే మనిషి తెలిసిపోతాడు. కేసు వివరాలు, అనుమానితుడి సంగతులు పరీక్ష చేసే వాళ్లకు నీ ద్వారా చేరనీయకు. పీక్‌ను చూసే కన్ను వాటితో మారుతుంది.

పరీక్షా ల్యాబ్‌ల అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ/ఐఈసీ 17025 ప్రకారం రికార్డు దిద్దితే పాతదీ ఉండాలి, కొత్తదీ ఉండాలి. ఏది మారింది, ఎప్పుడు, ఎవరు మార్చారో తెలియాలి. నీ స్క్రిప్టుకూ అదే వర్తిస్తుందనుకో. రెండేళ్ల తర్వాత న్యాయవాది ఆ అంకె ఎలా వచ్చిందని అడిగితే అదే అంకె మళ్లీ రావాలి. వాడిన డేటా కాపీ, స్క్రిప్టు వెర్షన్, వరుసల సంఖ్య ఒకే ఫోల్డర్‌లో పెట్టు. డేటా తీసిన తేదీ, సమయం రాసి లేని ఫైలును ఎవరికీ పంపకు. పెండింగ్ ఫలితాలు రోజూ పడుతుంటాయి, రేపు అదే ప్రశ్నకు వేరే అంకె వస్తుంది.

ఆశీస్సులతో,
మీ మావయ్య