సాక్ష్యం కన్నా ముందు అతని దగ్గరికి వెళ్ళు

నాన్నా,

ప్రభువు పేరిట పెద్దమ్మ దీవెనలు. మీ అమ్మ ఫోన్‌లో అంతా చెప్పింది. ఆఫీసులో లెక్క తప్పింది నీ వల్ల, మాట పడింది నీ పక్క సీటు అబ్బాయి. అప్పుడు నోరు మెదపని నువ్వు వచ్చే ఆదివారం సంఘంలో అందరి ముందు నిలబడి, సాక్ష్యంగా అంతా ఒప్పుకుంటావట. వినగానే కళ్ళనీళ్ళొచ్చాయి. మా పిల్లాడే అని గర్వపడ్డాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

ఎందుకో చెప్తాను. నేను సంఘం లెక్కలు చూసే రోజుల్లో కానుకల డబ్బు తగ్గింది. నాతోపాటు లెక్కపెట్టిన మనిషి, అది నా చేతిమీదే పోయిందన్నారు. ఆ నింద ఏళ్ళ తరబడి మోశాను. కానుక సంచి మా వరసలోకి వస్తే పక్కవాళ్ళు నా చేతికివ్వకుండా నా మీదుగా అవతలివాళ్ళకి అందించేవాళ్ళు. చాలాకాలానికి ఒక ఉజ్జీవ కూటంలో ఆ మనిషే మైకు ముందు ఏడ్చి, డబ్బు తీసింది తానేనని, ప్రభువు క్షమించాడని సాక్ష్యం చెప్పారు. అందరూ హల్లెలూయ అన్నారు. ఆ సాక్ష్యంలో నా ఊసే లేదు. బయటికొచ్చేటప్పుడు నా పక్కనుంచే వెళ్ళారు, పలకరించలేదు. దేవుడు కూడా వాళ్ళ వైపే చేరిపోయాడేమో అనిపించింది రా నాకు. నా విశ్వాసం అంతగా కదిలింది మరెప్పుడూ లేదు. ఆ అబ్బాయికి అలాంటి రోజు తేవద్దు. సాక్ష్యం కన్నా ముందే అతని దగ్గరికి వెళ్ళు.

ప్రార్థన చేసుకో. పాస్టరుగారికి ముందే చెప్పు. ఇవి నీకు తెలిసినవే.

బలిపీఠం ముందు అర్పణ వదిలిపెట్టి, మొదట వెళ్ళి సహోదరుడితో సమాధానపడమన్నాడు ప్రభువు, మత్తయి 5వ అధ్యాయంలో. సంఖ్యాకాండం 5లో అయితే ఒప్పుకుంటే సరిపోదు, నష్టపోయినవాడికి మొత్తం తిరిగిచ్చి ఐదో వంతు కలపాలి. పన్ను వసూలుదారు జక్కయ్య, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగిస్తానన్నాడు. ఆ అబ్బాయి ఇంక్రిమెంట్ ఆగిపోయిందట కదా, దాని సంగతి ఆలోచించావా? మేనేజర్‌కి రాతపూర్వకంగా నిజం చెప్పు. ఆ నష్టం నువ్వే కట్టు. ఉద్యోగం మీదికి వస్తే రానీ, నీకు మేమున్నాం.

సౌలు రాజు కథ, 1 సమూయేలు 15, మళ్ళీ చదువు. శత్రువుల పశువులన్నిటినీ చంపమని దేవుడు ఆజ్ఞాపిస్తే, మంచి గొర్రెల్ని మిగుల్చుకున్నాడు. వాటి అరుపులు సమూయేలు ప్రవక్త చెవిన పడుతుండగానే ఆజ్ఞ నెరవేర్చానన్నాడు. నిలదీస్తే, జనులు తెచ్చారన్నాడు. చివరికి పాపం చేశానని ఒప్పుకుని, ఆ వెంటనే పెద్దల ముందు నన్ను ఘనపరచు అని అడిగాడు! పరాయివాడి భార్యను తీసుకుని అతన్ని చంపించిన దావీదు రాజు కూడా, నాతాను ప్రవక్త నిలదీస్తే, పాపం చేశాననే అన్నాడు. కానీ నెపం ఎవరి మీదా వేయలేదు, తన పరువు కాపాడమని బతిమాలలేదు. క్షమాపణ దొరికాక కూడా బిడ్డ పోయిన దుఃఖం అనుభవించాడు.

నువ్వు కూడా సాతాను శోధించాడనో, పని టెన్షన్‌లో అలా జరిగిపోయిందనో అనకు. ఎంత శోధన వచ్చినా సంతకం పెట్టిన చెయ్యి నీదే. ఆ అబ్బాయి అరిస్తే విను. వెంటనే క్షమించమని అడిగి ఒత్తిడి పెట్టకు, వాక్యం చూపించి అసలే వద్దు. క్షమించడానికి అతనికి ఎంతకాలం కావాలో అంతకాలం తీసుకోనీ. నీకు భయంగా ఉంటుందని తెలుసు నాన్నా, నువ్వు అతనితో మాట్లాడే ఆ గంట నేను ప్రార్థనలో మోకాళ్ళ మీద ఉంటాను.

మేనేజర్‌కి రాసేది ముందు నాకు పంపు. ఎక్కడైనా సాకు కనిపిస్తే కొట్టేసి తిప్పి పంపుతాను.

మీ పెద్దమ్మ