మోచేతి నరానికి ఏ ఆపరేషన్ సరైనది?

ప్రశ్న: మావారికి 52 ఏళ్ళు. బెంగళూరు యశ్వంతపురం మార్కెట్‌లోని ఉల్లిపాయల మండీలో లెక్కలు రాస్తారు. రోజంతా ఎడమ మోచెయ్యి బల్లకు ఆనించే కూర్చుంటారు. ఎనిమిది నెలలుగా ఆ చేతి చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కుతున్నాయి. ఇప్పుడు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండ కరిగి గుంటపడింది, చొక్కా గుండీలు పెట్టుకోలేకపోతున్నారు. నరం మీద ఒత్తిడి తీసేస్తే చాలని ఒక డాక్టరు, నరాన్ని ముందువైపుకు జరపాలని మరొకరు అన్నారు. ఎవరి మాట వినాలి?
– ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: ఇద్దరు డాక్టర్లూ ఆపరేషన్ అవసరమనే అన్నారు, ముందుగా పట్టించుకోవలసింది ఆ మాటనే. మోచేతి లోపలివైపు ఎముక బొడిపె వెనుక ఉన్న ఇరుకు సందులోంచి అల్నార్ నరం వెళుతుంది, చెయ్యి మడిచినప్పుడల్లా అక్కడ నలుగుతుంది. తిమ్మిరి మాత్రమే ఉన్నప్పుడు మోచెయ్యి ఆనించడం మానేసి, రాత్రి చెయ్యి మడతపడకుండా తువ్వాలు చుట్టుకుని పడుకుంటూ కొన్నాళ్ళు చూడవచ్చు. కండ కరగడం మొదలయ్యాక అలా ఎదురుచూడడం మంచిది కాదు.

నరం తన గాడిలో కదలకుండా ఉంటే, దానిపై బిగుసుకున్న పొరను కోసి వదులు చేయడం సాధారణంగా సరిపోతుంది. రెండు పద్ధతులనూ పోల్చిన పరిశోధనల్లో ఫలితాలు దాదాపు సమానంగా ఉన్నాయి, పైగా నరాన్ని జరిపినవారిలో గాయానికి చీము పట్టడం ఎక్కువగా కనిపించింది. అయితే చెయ్యి మడిచినప్పుడు నరం బొడిపె మీదికి జారుతున్నా, ఎప్పుడో ఎముక విరిగినందువల్ల మోచెయ్యి వంకరగా ఉన్నా, దాన్ని ముందువైపుకు జరిపి చర్మం కిందో కండ కిందో ఉంచడమే మేలు. కాబట్టి ‘నరం జారుతోందా?’ అని సర్జన్‌ను సూటిగా అడగండి.

అంతకుముందు నరాల వేగం కొలిచే పరీక్ష, షుగరు పరీక్ష చేయించండి. మెడలో నరం నొక్కుకోలేదని కూడా తేల్చుకోవాలి. ఈ మాటకు నొచ్చుకోవద్దు కానీ, నరం తాడులా లావెక్కినా, ఒంటిమీద స్పర్శ తెలియని మచ్చలున్నా కుష్ఠు పరీక్ష తప్పనిసరి. అది పూర్తిగా నయమయ్యే జబ్బే, ప్రభుత్వ ఆసుపత్రుల్లో మందులు ఉచితంగా ఇస్తారు.

దెబ్బతిన్న నరం రోజుకు సుమారు 1 మిల్లీమీటరు చొప్పున పెరుగుతుంది, మోచేతి నుంచి అరచేతికి చేరేసరికి దాదాపు ఏడాది పడుతుంది. కరిగిన కండ పూర్తిగా తిరిగి రాకపోవచ్చు, మిగిలినదాన్ని కాపాడుకోవడానికే ఈ ఆపరేషన్. అందుకే ఏ పద్ధతి అన్న తర్జనభర్జనలో మరో రెండు నెలలు పోనివ్వకండి.