గూల్డియన్ ఫించ్ జంట కొనేటప్పుడు: రంగు కన్నా ముందు ఊపిరి వినండి

మీ ప్రశ్న ఇది: నల్లగొండలో ఉంటాం, గోల్డ్‌ఫించ్ జంట కొనాలని ఉంది, దుకాణంలో ఒకాయన మూడు నెలల పిల్లల జత తక్కువకు ఇస్తానంటున్నాడు, తీసుకోవచ్చా, ఏం చూసి ఎంచుకోవాలి?

ఆ జత వద్దు. ఎందుకో కింద చెప్తాను. ముందు పేరు సంగతి తేల్చుకోవాలి, ఎందుకంటే ఈ ఒక్క పేరు మీద రెండు వేర్వేరు పిట్టలు నడుస్తున్నాయి.

అసలు గోల్డ్‌ఫించ్ యూరప్ పిట్ట. మొహం ఎర్రగా, రెక్క మీద పసుపు పట్టీతో ఉంటుంది. బ్రిటన్‌లో దాన్ని పంజరంలోనే పొదిగించేవాళ్లు పిల్ల గూట్లో ఉండగానే కాలికి అతుకు లేని రింగు ఎక్కిస్తారు. పాదం పెరిగాక ఆ రింగు ఎక్కదు, అందుకే అది పంజరంలో పుట్టిందనడానికి గుర్తు. దీని దగ్గరి చుట్టం, బూడిద రంగు తల ఉండేది, మన హిమాలయాల్లోనూ ఉంది. అది అడవి పిట్ట. దాన్ని పట్టడం, అమ్మడం, కొనడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం.

మన దుకాణాల్లో ‘గోల్డ్ ఫించ్’, ‘గోల్డియన్’ అని అమ్మేది గూల్డియన్ ఫించ్. ఉత్తర ఆస్ట్రేలియా గడ్డి నేలల పిట్ట. జాన్ గూల్డ్ అనే పక్షి శాస్త్రవేత్త తన భార్య ఎలిజబెత్ జ్ఞాపకంగా పెట్టిన పేరు అది, బంగారంతో ఏ సంబంధమూ లేదు. ఆస్ట్రేలియా 1960లోనే తన పక్షుల ఎగుమతి ఆపేసింది కాబట్టి ఇక్కడ దొరికేవి తరాలుగా పంజరాల్లో పొదిగినవే. ఆకుపచ్చ వీపు, పసుపు పొట్ట, ఊదా రొమ్ము ఉన్న పిట్టను మీరు చూసి ఉంటే అది ఇదే. జాతరల్లో, సంతల్లో ఆకుపచ్చ రంగు పూసిన మునియా పిట్టలను కూడా ‘ఫించ్’ అని అంటగడతారు. తడి దూదితో రెక్క తుడిస్తే రంగు అంటుకుంటుంది. మునియా మన అడవి పిట్ట, చట్టం దానికీ వర్తిస్తుంది. అట్లాంటిది కనిపిస్తే వదిలేసి రండి.

ఇక మూడు నెలల పిల్లల సంగతి. గూల్డియన్ పిల్ల బూడిద కలిసిన పాకురు రంగులో ఉంటుంది. రెండో నెల నుంచి ఆరో నెల లోపు మొదటి ఈకలు రాల్చి అసలు రంగు తొడుగుతుంది. ఈ పిట్ట బతుకులో అన్నింటికన్నా బలహీనమైన కాలం ఇదే. ఒంట్లో ఉన్న సత్తువంతా కొత్త ఈకలకే పోతుంది. ఆ సమయంలో చోటు మారినా, తిండి మారినా, చలిగాలి తగిలినా ఈక మార్పు మధ్యలో ఆగిపోవచ్చు, పిట్టే పోవచ్చు. పైగా ఆ వయసులో ఏది మగో ఏది ఆడో చూపుతో చెప్పలేం. ‘జత’ అని ఇచ్చినవి రెండూ ఒకటే కావచ్చు. ధర తక్కువ ఉండేది కూడా అందుకే, ఆ గండం కొనేవాడి ఇంట్లో గడవాలని అమ్మేవాడి లెక్క. పూర్తి రంగు వచ్చి, ఈక మార్పు అయిపోయి, ఎనిమిది నుంచి పన్నెండు నెలల వయసున్న జతే తీసుకోండి. ఎక్కువ ధర పెట్టినా నష్టం లేదు.

ఎప్పుడు కొనాలన్నది కూడా ఎంపికలో భాగమే. మన నల్లగొండ, పాలమూరు వైపు మార్చి దాటితే కొనొద్దు. ఏప్రిల్, మే నెలల్లో 43, 44 డిగ్రీల ఎండలో పెట్టెలో పెట్టి తేవడమే ప్రాణం మీదికి వస్తుంది, రోహిణి కార్తెలో అయితే చెప్పనే అక్కర్లేదు. డిసెంబర్, జనవరి రాత్రుల చలి కూడా దీనికి పడదు. వానలు తగ్గాక, సెప్టెంబర్ చివరి నుంచి నవంబర్ మధ్య దాకా మంచి అదను. చలి ముదిరేలోపు పిట్ట మీ ఇంటికి అలవాటు పడుతుంది.

దుకాణం కన్నా పొదిగించేవాళ్ల ఇంటికి పోవడం మేలు. హైదరాబాద్‌లో ఇళ్ల మిద్దెల మీద గూల్డియన్లు పొదిగించేవాళ్లున్నారు. నల్లగొండ నుంచైనా మహబూబ్‌నగర్ నుంచైనా వంద కిలోమీటర్లే కాబట్టి పోయి రావడం కష్టం కాదు. దుకాణంలో పది చోట్ల నుంచి వచ్చిన పిట్టలు ఒకే జాలీలో కలిసి ఉంటాయి, ఒకదాని జబ్బు పదింటికి అంటుతుంది. ఇంటికి పోతే తల్లిదండ్రులను, వాటి పంజరాలను, పెట్టే తిండిని కళ్లారా చూడొచ్చు. అక్కడ తప్పక అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఈ పిల్లలను సొంత తల్లిదండ్రులే పెంచాయా, బెంగాలీ ఫించ్‌ల (పంజరాల్లో పెంచే మరో ఫించ్ రకం) కింద పెట్టి పెంచారా? గుడ్లు తీసి బెంగాలీ ఫించ్‌లతో పొదిగించడం చాలామంది చేసే పనే. అట్లా పెరిగిన పిట్ట బతకదని కాదు. కానీ రేపు మీ దగ్గర గుడ్లు పెట్టి పిల్లలను సరిగ్గా చూసుకుంటుందన్న నమ్మకం తక్కువ. తల్లిదండ్రులు పెంచినదాన్నే ఎంచుకోండి.

పంజరం దగ్గరికి వెంటనే పోకండి. ఐదారు అడుగుల దూరంలో పది నిమిషాలు కూర్చోండి. మనిషి దగ్గరికి రాగానే జబ్బు పిట్ట కూడా ఈకలు బిగించి హుషారుగా నిలబడుతుంది, జబ్బును దాచడం వాటి స్వభావం. మనం దూరంగా ఉన్నప్పుడు ఉబ్బి ఉండలా కూర్చున్నది, పగటిపూట రెండు కాళ్ల మీద నిలబడి తల వీపులో దూర్చి కునికేది, ఊపిరితో పాటు తోక పైకీ కిందికీ ఊగేది వద్దు. మంచి రెట్ట చిన్నగా, గట్టిగా, నల్లగా ఉండి దాని మీద తెల్లటి చుక్క ఉంటుంది. పలుచగా, పచ్చగా పారితే, తోక కింది ఈకలు అంటుకుని ఉంటే తీసుకోవద్దు.

తర్వాత ఊపిరి. ఈ జాతిని ఎక్కువగా పీడించేది శ్వాసనాళంలో, గాలి సంచుల్లో కాపురం పెట్టే అతి చిన్న పురుగు. ఎయిర్ శాక్ మైట్ అంటారు. తల్లి మేత పెట్టేటప్పుడే పిల్లకు అంటుతుంది. పిట్టను చేతిలోకి తీసుకుని చెవి దగ్గర పెట్టుకుంటే ఊపిరి తీసినప్పుడల్లా సన్నగా ‘టిక్ టిక్’ మని వినిపిస్తుంది. పొద్దు వాలి దీపం తీసేశాక నిశ్శబ్దంలో ఇంకా బాగా తెలుస్తుంది, కాబట్టి వీలుంటే సాయంత్రం దాకా ఉండండి. గొంతు బొంగురుపోయిన మగపిట్ట, నోరు తెరిచి ఆవలించినట్టు చేసేది, ముక్కును కొమ్మకు మాటిమాటికీ రుద్దుకునేది అనుమానించాల్సినవే. దీనికి ఐవర్‌మెక్టిన్ మందు ఉంది, అయితే గొర్రెలకు వేసే ఇంజెక్షన్ సీసా నుంచి చుక్క తీసి పిట్ట మీద వేయొద్దు. ఒక శాతం మందు చుక్కలో సుమారు అర మిల్లీగ్రాము ఉంటుంది. పదహారు గ్రాముల పిట్టకు కావాల్సిన మోతాదుకు అది వంద రెట్లకు పైనే. పక్షులు చూసే డాక్టర్ పలుచన చేసి ఇవ్వాల్సిందే. రాజేంద్రనగర్‌లోని పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం వాళ్ల పశువైద్య కళాశాల మీకు దగ్గరే, రెట్ట పరీక్ష గురించి కూడా అక్కడ అడగండి.

పిట్ట చేతిలో ఉన్నప్పుడే రొమ్ము మధ్య ఎముకను వేలితో తడమండి. రెండు వైపులా కండ గుండ్రంగా ఉండాలి. ఎముక కత్తి అంచులా తగిలితే లోపల ఏదో తినేస్తోందని అర్థం, పైకి రంగులు ఎంత మెరిసినా సరే. పొట్ట ఈకలను నోటితో ఊది చూస్తే చర్మం లేత గులాబీ రంగులో కనిపించాలి. పేగులు ఎర్రగా ఉబ్బి కనిపిస్తే వద్దు. తూకం 14 నుంచి 17 గ్రాముల మధ్య ఉంటుంది, జేబులో పట్టే చిన్న డిజిటల్ త్రాసు వెంట తీసుకుపోతే పని సులువు.

మగ, ఆడ తేడా మామూలు రంగు పిట్టల్లో తేలిక. మగదాని రొమ్ము ముదురు ఊదా, ఆడదానిది వెలసిన లేత ఊదా. గుడ్ల కాలంలో ఆడదాని ముక్కు నల్లబడుతుంది, మగదాని ముక్కు ముత్యంలా తెల్లగా ఉండి కొన ఎర్రబడుతుంది. తెల్ల రొమ్ము రకాల్లో ఈ గుర్తు పోతుంది కాబట్టి పాటే ఆధారం. పాడేది మగదే. మెడ సాచి, దగ్గరికి పోతే గాని వినపడనంత మెల్లగా పాడుతుంది. అది పాడగా చూసే దాకా ‘ఇది మగది’ అన్న మాట నమ్మొద్దు.

తల రంగు మూడు రకాలు: నలుపు, ఎరుపు, పసుపు. పసుపు అన్నమాటే గాని చూడ్డానికి నారింజ రంగే. జతలో రెండింటి తల రంగు ఒకటే ఉండేలా తీసుకోండి. ఎర్ర తల, నల్ల తల కలిపిన జతలకు పుట్టే ఆడపిల్లల్లో చావులు ఎక్కువని పరిశోధనల్లో తేలింది. నీలం, వెండి, పసుపు వీపు రకాలు చూడ్డానికి ముద్దొస్తాయి, ధరా ఎక్కువే. మొదటి జతకు మాత్రం ఆకుపచ్చ వీపు మామూలు రకమే నా ఓటు. ఒకే గూటి అన్నాచెల్లెళ్లను జత కట్టవద్దు. ఒకే ఇంట్లో వేర్వేరు తల్లిదండ్రుల పిల్లలైతే అన్నింటికన్నా మంచిది. రెండు ఇళ్ల నుంచి చెరొకటి తెస్తే రెండు ఇళ్ల జబ్బులూ మీ ఇంట్లో కలుస్తాయి.

పంజరం ముందే సిద్ధంగా ఉండాలి. ఫించ్‌లు అడ్డంగా ఎగురుతాయి, కాబట్టి ఎత్తు కన్నా పొడవు ముఖ్యం. ఒక జతకు కనీసం మూడడుగుల పొడవు, అడుగున్నర లోతు, అడుగున్నర ఎత్తు. చువ్వల మధ్య సందు అర అంగుళం దాటొద్దు. గుండ్రటి పొడుగు పంజరాలు వీటికి పనికిరావు. కూర్చోవడానికి వేప, జామ కొమ్మలు సన్నవీ లావువీ కలిపి కట్టండి. రేకుల కింద, వంటింట్లో, అగరుబత్తి, మస్కిటో కాయిల్ వెలిగించే గదిలో పెట్టొద్దు. నాన్‌స్టిక్ పెనం మాడితే వచ్చే పొగ నిమిషాల్లో పిట్టను చంపుతుంది. చీమలు గుడ్లకు, పిల్లలకు శత్రువులు, బల్ల కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టి రెండు రోజులకోసారి నీళ్లు మార్చండి.

తిండి విషయంలో మనం అదృష్టవంతులం. పాలమూరు కొర్రలు, సామలు వీటికి బంగారం లాంటి మేత. సగం కొర్రలు, మిగతా సగంలో సామలు, కెనరీ సీడ్ అనే గడ్డి గింజ, కొంచెం సజ్జలు కలపండి. ఇక్కడ రెండు పొరపాట్లు జరుగుతాయి. కిరాణాలో అడిగితే పొట్టు తీసిన కొర్ర బియ్యం ఇస్తారు. పిట్టకు పొట్టుతో ఉన్న గింజ కావాలి, రైతు దగ్గర తీసుకోండి. విత్తనాల దుకాణంలో మాత్రం కొనొద్దు, అక్కడివి తెగుళ్ల మందు పట్టించినవి. పిట్టకు రోజుకు ఒక చెంచా గింజ చాలు. పైన పొట్టు పేరుకుని గిన్నె నిండుగా కనిపిస్తుంది గాని కింద గింజ ఉండదు, అట్లా ఆకలితో పోయిన పిట్టలు చాలా ఉన్నాయి. రోజూ పొట్టు ఊదేయాలి. సున్నం కోసం మూలికల దుకాణంలో దొరికే సముద్రపు నురుగు (కటిల్‌బోన్) ముక్క వేలాడదీయండి, లేదా గుడ్డు పెంకులు పది నిమిషాలు ఉడికించి, ఆరబెట్టి, నలగ్గొట్టి పెట్టండి. నీళ్లు మీరు తాగేవే పోయండి, ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్లు వద్దు.

తెచ్చేటప్పుడు గాలి రంధ్రాలున్న చిన్న అట్టపెట్టె, అడుగున కాగితం, కొన్ని కొర్రలు, నీళ్ల గిన్నెకు బదులు రెండు కీరదోస ముక్కలు. చల్లటి పూట బస్సు పట్టుకోండి, పెట్టె ఒళ్లో పెట్టుకోండి, కిటికీ గాలి నేరుగా తగలనీయొద్దు. అమ్మినాయన దగ్గరే ఆయన వేసే గింజ ఒక కిలో కొనుక్కోండి. మొదటి రెండు వారాలు అదే పెట్టి, మెల్లగా మీ గింజ కలపండి. మొదటి రాత్రి చిన్న బల్బు వెలిగించి ఉంచితే చీకట్లో కొత్త చోట బెదిరి చువ్వలకు కొట్టుకోవు. ఇంట్లో ఇప్పటికే పిట్టలుంటే 40 రోజులు వేరే గదిలో ఉంచాలి. ఆ రోజుల్లో పంజరం అడుగున తెల్ల కాగితం పరిచి రోజూ రెట్ట చూడండి, వారానికోసారి తూకం రాసుకోండి. రెండు గ్రాములు తగ్గితే ఆగకుండా డాక్టర్‌కు చూపించండి.

గూడు పెట్టె మాత్రం తెచ్చిన నెల దాకా, ఆడదానికి ఏడాది నిండేదాకా వేలాడదీయొద్దు. ఆలోపే గుడ్లు పెట్టిస్తే గుడ్డు అడ్డం పడి చనిపోవచ్చు. అదను వచ్చాక మన దగ్గర అక్టోబర్ నుంచి ఫిబ్రవరి లోపే పొదగనివ్వండి. ఎండాకాలం పొడి గాలికి గుడ్డులోనే పిల్ల ఎండిపోతుంది, అందుకే మార్చిలో గూడు పెట్టె తీసేసి పక్కన పెట్టండి.