కాళ్లు ఆగిన చోట మొదలుపెట్టు

తమ్ముడూ,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. పొద్దున్నే బస్సెక్కి లండన్ వచ్చి, బ్రిటిష్ మ్యూజియంలో పదింటి నుంచి అయిదింటికి తలుపులు మూసేదాకా తిరిగి, రాత్రికి మళ్లీ హాస్టల్ చేరి, ఆ అలసటలోనే కూర్చుని రాశానన్నావు చూడు, ఆ తపన నాకు చాలా నచ్చింది. అందుకే మొహమాటపడకుండా చెప్తున్నాను.

మొదటి పేరా మొత్తం తీసెయ్. "1753లో స్థాపించబడిన ఈ మ్యూజియం 1759లో ప్రజల సందర్శనార్థం తెరవబడింది" అని మొదలుపెట్టావు. సంవత్సరాలు కరెక్టే. కానీ ఆ వాక్యం రాయడానికి నువ్వు అంత దూరం వెళ్లక్కర్లేదు, ఇంట్లో కూర్చుని ఎవరైనా రాస్తారు. పైగా స్థాపించబడిన, తెరవబడింది అని మనం ఎవరితోనైనా మాట్లాడతామా? పెట్టారు, తెరిచారు అంటే చాలు. మధ్యలో ఉన్న పెద్ద ఆవరణకి 2000లో గాజు కప్పు వేశారని రాశావు గానీ, దాని కింద నిలబడినప్పుడు వెలుతురు ఎలా ఉందో, ఎటు వెళ్లాలో తెలియక ఎంతసేపు తిరిగావో రాయలేదు. రొసెట్టా రాయి దగ్గరా అంతే. 1799లో ఈజిప్టులో దొరికింది, 1802 నుంచి ఈ మ్యూజియంలో ఉంది, ఒకే శాసనం మూడు లిపుల్లో ఉంది, దాని సాయంతోనే 1822లో షాంపోలియన్ అనే ఫ్రెంచ్ పండితుడు ఈజిప్టు చిత్రలిపి గుట్టు విప్పాడు, అన్నీ ఉన్నాయి. ఆ గుంపులో నీకు రాయి ఎంత కనపడింది? ముందున్నవాళ్లు ఎత్తి పట్టుకున్న ఫోన్లలోనే చూశావా? అయితే అదే రాసెయ్.

ఈ తప్పు నేనూ చేశాను. మొదటిసారి విదేశం వెళ్లినప్పుడు ఒక పెద్ద మ్యూజియంలో రోజంతా వస్తువుల పక్కనున్న లేబుళ్లు నోటుపుస్తకంలోకి ఎక్కించుకున్నాను. తిరిగొచ్చి రాద్దామని కూర్చుంటే ఒక్క వస్తువు కూడా కళ్ల ముందుకు రాలేదు. చూడాల్సిన టైమంతా రాసుకోవడానికే పోయింది. ఆ వ్యాసం ఇప్పటికీ రాయలేకపోయాను.

నీ వ్యాసానికి ప్రాణం నాలుగో పేజీలో ఉంది, నువ్వు ఒకే ఒక్క వాక్యంలో దాటేసిన చోట. "రాగి బాగాలేదని ఒకాయన రాసిన ఫిర్యాదు కూడా చూశాం, అందరం నవ్వుకున్నాం." అంతేనా? అది అరచేతిలో పట్టేంత మట్టి పలక. ఇప్పటి దక్షిణ ఇరాక్‌లో ఉన్న ఊర్ నగరంలో, క్రీస్తు పూర్వం 1750 ప్రాంతంలో, నాన్ని అనే ఆయన ఎయా నాసిర్ అనే వ్యాపారికి రాయించిన ఉత్తరం. మంచి రాగి ఇస్తానని మాటిచ్చి నాసిరకం దిమ్మలు చూపించావు, కావాలంటే తీసుకో లేకపోతే పొమ్మన్నావు, శత్రువుల ప్రాంతం దాటుకుని వచ్చిన నా మనుషుల్ని ఉత్తచేతులతో పంపేశావు, ఇంతకీ నన్ను ఏమనుకుంటున్నావు అని అడుగుతాడు. ఇకమీదట దిమ్మల్ని నా ఇంట్లోనే ఒక్కొక్కటీ చూసి ఏరుకుంటానంటాడు. ఆ బాధ, ఆ రోషం పలకకి రెండు వైపులా నిండిపోయాయి. ఆ మనిషి "ఈ వర్తకం సంతృప్తికరంగా లేదు" అని ఊరుకుని ఉంటే మనం ఇవాళ దాని ముందు ఆగేవాళ్లమా? ఎవరు, ఎక్కడ, ఎలా అవమానించారో చెప్పాడు కాబట్టే మూడున్నర వేల ఏళ్లు దాటాక కూడా అతని గొంతు వినపడుతోంది. నువ్వు నవ్వావు కదా, ఆ నవ్వు తర్వాత ఏమనిపించిందో నాకు కావాలి. నా మాట విని అక్కడే మొదలుపెట్టు, దాని ముందున్న మూడు పేజీలూ పోయినా నష్టం లేదు.

ఇక అమరావతి శిల్పాల సంగతి. 33ఏ గదిలో, అద్దాల వెనక వాటిని చూసి నీకు ఏడుపొచ్చిందన్నావు. నాకూ వచ్చింది. కానీ ఆ వెంటనే పేజీన్నర ఆవేశంగా ఉపన్యాసం రాశావు, అందులో రాళ్లే లేవు. ఆ కోపం వదులుకోమని అనట్లేదు, అది న్యాయమైనదే. దానికి కాస్త రూపం ఇవ్వు. 1845లో వాల్టర్ ఎలియట్ అనే బ్రిటిష్ అధికారి తవ్వించి మద్రాసు పంపితే అక్కడ ఏళ్ల తరబడి ఎండకీ వానకీ పడి ఉన్నాయి, 1859లో ఓడెక్కాయి, లండన్‌లోనూ అటూ ఇటూ తిరిగి 1880లో ఈ మ్యూజియం చేరాయి. ఈ ఒక్క ప్రయాణం సరిగ్గా చెప్తే చదివేవాడికి కోపం దానంతటదే వస్తుంది, నువ్వు అరవక్కర్లేదు. వాటిలో ఒక సున్నపురాతి పలక ఉంది. ఒకవైపు బోధివృక్షం, దాని కింద ఖాళీ ఆసనం, చుట్టూ మొక్కుతున్న మనుషులు. అప్పటికి అక్కడ బుద్ధుణ్ణి మనిషి రూపంలో చెక్కే అలవాటు లేదు, ఆ ఖాళీయే ఆయన. కొన్ని వందల ఏళ్ల తర్వాత అదే పలకని తిప్పి రెండోవైపు స్తూపాన్నే చెక్కారు, గుమ్మం దగ్గర సింహాలతో సహా. ఆ మహాచైత్యం, అంటే అమరావతి పెద్ద స్తూపం, నేలమట్టమైపోయింది, అది నిలబడి ఉన్నప్పుడు ఎలా ఉండేదో మనకి చూపించేది ఇలాంటి పలకలే. ఇంత ఉన్న రాయి పక్కన "దోపిడీ" అనే మాట పదకొండుసార్లు అవసరమా చెప్పు.

లోపలికి వెళ్లడానికి టికెట్ లేదు కాబట్టి ఇంకోసారి వెళ్లిరా. శుక్రవారమైతే రాత్రి ఎనిమిదిన్నర దాకా తెరిచి ఉంటుంది. ఫోన్, నోటుపుస్తకం బ్యాగులో పెట్టేసి, వేరే గదుల జోలికి పోకుండా తిన్నగా 33ఏకి వెళ్లి ఆ స్తూపం పలక ముందు అరగంట నిలబడు. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని గుర్తున్నంత వరకే రాయి, ఒక్క పేజీ వచ్చినా సరే. అది పంపు, చదువుతాను.

ప్రేమతో,
మీ అన్నయ్య